గేటు తిప్పి పంపిన దరఖాస్తులు

నాట్లకు ఇంకా 19 రోజులు

ఈ లాగ్ రోజూ రాయాలని కక్ష్యలో తిరిగే మా గోస్తని స్టేషన్‌లో రూలు. ఎవరూ చదవరని అందరికీ తెలుసు, అందుకని నేను ఉన్నదున్నట్టే రాస్తాను. పేరు భ్రమరాంబ. పని గేటు నిర్వహణ. గేటంటే ఇనప గేటు కాదు. కింద సొరంగాల్లో బతికే జనం కిడ్నీ కోసం పెట్టుకునే దరఖాస్తులు వచ్చి పడే ప్రోగ్రాం.

పొద్దున్నే నాలుగో వరస తొట్ల ఫిల్టర్లు కడిగాను. అది నా పని కాదు, కడిగే మనిషికి జ్వరం. తొట్లన్నీ ఖాళీగా ఉన్నాయి. పంతొమ్మిదో రోజున తొట్టికో రోగి చొప్పున కణాలు నాటి, తొంభై రోజులు పెంచి, తయారైన కిడ్నీలను కిందికి దింపుతాం. మళ్లీ కడిగి మళ్లీ నాటుతాం. ఆ ఎర్ర నేలలో తోడిన నీళ్లు ఎన్నిసార్లు వడపోసినా కిడ్నీలను తినేస్తూనే ఉంటాయి కాబట్టి మాకు పని తక్కువయ్యే రోజు రాదు.

తాటిపుట్టుగ సొరంగం నుంచి పిట్ట దాలయ్య అనే ఆయన దరఖాస్తు ఈ రోజు మూడోసారి వచ్చింది. మూడోసారీ గేటు తిప్పి పంపింది. కణాలు మాత్రం ఎప్పుడో వచ్చి మా ఫ్రీజర్‌లో కూర్చున్నాయి. దరఖాస్తు అందితే గాని తొట్టి ఇవ్వరు. వివరాల ఫారం, స్కాన్ బొమ్మ, రక్తపరీక్ష రిపోర్టు, రోగి సొంత గొంతుతో చెప్పిన ఒప్పుదల. ఈ నాలుగూ ఒకే మూటగా రావాలి. ముక్కకీ ముక్కకీ మధ్య ఒక గీత ఉంటుంది, గేటు ఆ గీతల దగ్గర విడదీసుకుంటుంది. ఇంతకన్నా సులువైన పని ఉందా? అయినా ఈ కిందివాళ్లు ఒక్క మూట సరిగ్గా కట్టలేరు.

స్కాన్ సైజు చూశాను. పద్నాలుగు ఎంబీ. పరిమితి పది. తగ్గించి పంపమని కబురు పెట్టాను.

నాట్లకు 17 రోజులు

స్కాన్ తగ్గించి పంపారు. మూడో ముక్క సగంలో ఉండగా కింద దుమ్ము లేచి లైను తెగింది. శుభ్రంగా వచ్చిన మొదటి రెండు ముక్కల్ని కూడా గేటు పారేసింది. దాని పద్ధతి అది, నాలుగూ వస్తేనే వచ్చినట్టు.

మా స్టేషన్ తాటిపుట్టుగ మీదుగా పోయేది రోజుకొక్కసారి, నలభై నిమిషాలు. అప్‌లోడైనా, మాటలైనా ఆ నలభై నిమిషాల్లోనే జరగాలి. వచ్చిన ముక్కల్ని దాచిపెట్టి, మిగతావి మర్నాడు తీసుకుందామని మా పర్యవేక్షకురాలు వేదవల్లి గారిని అడిగాను.

"సగం సగం దరఖాస్తులు దాస్తూ కూర్చుంటే డిస్కు ఏమైపోవాలి భ్రమరాంబా? పూర్తిగా పంపడం వాళ్ల బాధ్యత" అన్నారావిడ. దుమ్ము లేవకుండా చూసుకోవడం కూడా వాళ్ల బాధ్యతేనా అని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

నాట్లకు 14 రోజులు

నాలుగు ముక్కలూ వచ్చాయి. గేటు తిప్పి పంపింది. ఒళ్లు మండి ఫారం తెరిచి చూశాను. వయసు గడిలో "యాభై రెండు" అని అక్షరాల్లో ఉంది. గేటుకు అంకెలు కావాలి.

తాటిపుట్టుగలో అప్‌లోడ్ కేంద్రం నడిపే ఢిల్లేశ్వరరావుకు ఫోన్ చేశాను. నలభై అయిదేళ్ల మనిషి, నెమ్మదిగా మాట్లాడతాడు. "వయసు అంకెల్లో రాయాలని తెలీదా?" అని కసిరాను.

"మీ ఫారం మీదే ఉన్నాదమ్మా, వయసు అక్షరాల్లో రాయవలెను అని. సూసుకోండోపాలి" అన్నాడు.

చూసుకున్నాను. నిజంగానే ఉంది. ఫారం తయారుచేసింది ఒక విభాగం, గేటు నడిపేది ఇంకో విభాగం, మధ్యలో దాలయ్య అనే మనిషికి రోజులు అయిపోతున్నాయి. క్షమాపణ చెప్పాలనిపించింది గాని నోరు రాలేదు. అంకెల్లో రాసి పంపమని మాత్రం అన్నాను.

నాట్లకు 11 రోజులు

సైజు సరిపోయింది. లైను తెగలేదు. వయసు అంకెల్లో ఉంది. అయినా గేటు అదే మాట అంది: దరఖాస్తు సరిగా లేదు, మళ్లీ పంపండి.

గేటు తప్పులన్నీ ఒకేసారి చెప్పదు. మొదటి తప్పు కనపడగానే ఆగిపోయి, ఏ తప్పుకైనా ఆ ఒక్క వాక్యమే అంటుంది. దాని లాగ్‌లోనూ అదే వాక్యం ఉంటుంది. ఆ వాక్యం రాసిన మహాతల్లిని నేనే.

దానికో కారణం ఉంది. రెండేళ్ల కిందట ఎవరో పాట రికార్డింగుకు స్కాన్ అని పేరు పెట్టి పంపారు. అప్పట్లో గేటు పేరు చూసి నమ్మేసేది. ఆ చెత్త మీద ఒక తొట్టి తొంభై రోజులు వృథా అయింది, ఆ తొట్టి రావలసిన మనిషి బతకలేదు. అప్పుడు నేను తల పరీక్ష పెట్టాను. ప్రతి ఫైలు మొదట్లో కొన్ని బైట్లుంటాయి. బొమ్మకో రకం, గొంతుకో రకం. గేటు ఆ తల చూసి, ఇది నిజంగా బొమ్మేనా అని తేల్చుకుంటుంది. కారణం చెబితే మోసగాళ్లు నేర్చుకుంటారని వేదవల్లి గారు అంటే సందేశాలన్నీ కలిపి ఒకటి చేశాను. ప్రశంసాపత్రం ఇచ్చారు. పడుకునే బంకు పైన అతికించుకున్నాను కూడా.

లైను ఇంకా ఉండగానే ఢిల్లేశ్వరరావుకు బదులు దాలయ్య భార్య తవిటమ్మ వచ్చింది.

"ఏటమ్మా, మీ గేటుకి మా మొకాలు నచ్చనేదేటి? సెప్పిందల్లా సేసినాం గదా" అంది.

"కారణం వెతుకుతున్నానమ్మా."

"బేగి ఎతుకు తల్లీ. ఆయనకి కాళ్లు వాచిపోనాయి. చెప్పులు దూరడం నేదు. ఈ నాట్లు దాటిపోతే మళ్లీ నాట్లకి మనిషి ఉండడని డాక్టరమ్మ సెప్పీసింది. నాతోనే సెప్పింది, ఆయనతో సెప్పనేదు."

లైను అయిపోయాక చాలాసేపు గేటును తిట్టాను. ఆ తిట్లన్నీ నాకే తగిలాయి.

నాట్లకు 9 రోజులు

గేటుకు నా దగ్గర ఒక నకలుంది, పరీక్షలకు వాడేది. దాన్ని తప్పు దగ్గర ఆగనివ్వకుండా ప్రతి అడుగునూ రాయించి, దాలయ్య మూట దాంట్లోకి వదిలాను. ఫారం సరే, దానికి తల పరీక్ష లేదు. స్కాన్ తల తప్పు. రిపోర్టు తల తప్పు. ఒప్పుదల తల తప్పు.

మూడూ తప్పంటే మొదట అనుమానపడ్డాను, ఒప్పుకుంటున్నాను. వీళ్లు కూడా ఏవో చెత్త ఫైళ్లు పంపుతున్నారా అని. బైట్లు పేర్చి చూశాను. మూడు ఫైళ్లకూ మొదటి పన్నెండు బైట్లు ఒకటే. పదమూడో బైటు నుంచి నిఖార్సయిన బొమ్మ, నిఖార్సయిన రిపోర్టు, నిఖార్సయిన గొంతు. ఆ పన్నెండింటినీ అక్షరాలుగా మార్చి చదివాను.

శ్రీ.

నవ్వొచ్చింది. తరువాత నవ్వు ఆగిపోయింది.

నాట్లకు 8 రోజులు

లైను రాగానే ఢిల్లేశ్వరరావును అడిగాను. ఆయన దాచలేదు.

"నానే పెట్టినానమ్మా. ఈ కేంద్రానికి ప్రోగ్రాం నానే రాసుకున్నాను గదా. మా సినమావయ్య కరణం పని సేసీవోడు. కాయితం మొదలెట్టీటప్పుడు శ్రీ సుట్టకండా కలం కదపకూడదనీవోడు. అదే అలవాటు. నా ప్రోగ్రాం సూసీటప్పుడు అది దాటీసి సదువుతాది. మీది సదవదని నాకేటి తెలుసు?"

తెలియకపోవడం ఆయన తప్పు కాదు. చెప్పవలసిన గేటు నోరు నేనే కుట్టేశాను.

"సరే, అయిపోయిందేదో అయిపోయింది. ఆ శ్రీ తీసేసి ఇప్పుడే పంపండి. ఇంకా ఇరవై రెండు నిమిషాలుంది" అన్నాను.

బదులుగా తవిటమ్మ గొంతు వినపడింది.

"శ్రీ నేకండా రాసీ కాయితం ఏటో తెలుసా అమ్మా నీకు?"

తెలీదన్నాను. నేను పైన పుట్టి పైనే పెరిగినదాన్ని, నా చేత్తో ఒక్క ఉత్తరం రాయలేదు.

"సావు కబురమ్మా. మనిషి పోయినాడని రాసీ ఉత్తరానికే శ్రీ పెట్టరు. నా మొగుడు బతికున్నాడు. ఆయన పేరు మీద అలాటి కాయితం నా సేత్తో నాను పంపను."

నేను అరిచాను. రాస్తున్నందుకు సిగ్గుగానే ఉంది, కానీ అరిచాను. పన్నెండు బైట్లమ్మా అన్నాను, కంటికి కూడా కనపడవు అన్నాను, ఆయన ప్రాణం కన్నా ఎక్కువా అన్నాను.

"ఆయన పేణం కోసమే గదా పెట్టింది" అంది తవిటమ్మ. ఆవిడ అరవలేదు. మిగిలిన పదిహేను నిమిషాలూ అలాగే పోయాయి.

నాట్లకు 6 రోజులు

నేనే కోసేద్దామనుకున్నాను. కుదరదు. కింద కేంద్రంలోనే ప్రతి ఫైలుకూ ముద్ర పడుతుంది. ఒక్క బైటు తీసినా ముద్ర చెడి, ఫైలును ఎవరో మార్చారని గేటు తన్నేస్తుంది. అది కూడా మంచి ఉద్దేశంతో పెట్టిందే.

ఇక మిగిలింది గేటును మార్చడం. ఫైలు మొదట్లో శ్రీ ఉంటే దాన్ని దాటి, ఆ తరువాత తల చూడమని చెప్పడం. వేదవల్లి గారి గదికి వెళ్లాను.

"ఒకరి నమ్మకం కోసం గేటు మార్చాలా? రేపు ఇంకొకళ్లు ఓం అంటారు, ఇంకొకళ్లు ఇంకేదో అంటారు."

"అననివ్వండి. అవీ దాటిద్దాం. మనకు కావలసింది స్కాన్ కదండీ."

"గేటులో మార్పంటే కమిటీ చూడాలి. కమిటీ నాట్లయ్యాకే కూర్చుంటుంది. నీకు తెలీనిదా?"

ఆవిడ చెడ్డమనిషి కాదు. పాట రికార్డింగు వల్ల పోయిన మనిషి ఇంటికి ఫోన్ చేసి చెప్పింది ఆవిడే. అప్పటినుంచి గేటు మీద ఈగ వాలినా ఒప్పుకోరు. అది తెలిసే ఎదురు చెప్పలేక, తలుపు కాస్త గట్టిగా వేసి వచ్చేశాను.

నాట్లకు 4 రోజులు

చివరి ప్రయత్నంగా తవిటమ్మను బతిమాలాను. ఫారంలో "ఇతర వివరాలు" అనే గడి ఉంది, శ్రీ అక్కడ పెట్టుకోండి, వంద పెట్టుకోండి, ఎవరూ వద్దనరు అన్నాను.

"అది మూలగడి గదమ్మా. తల మీద పెట్టవలసింది మూల పెడతారేటి?"

ఇంతలో ఒక మగగొంతు, బాగా నీరసంగా: "పోన్లే, పంపీయండమ్మా. ఆ శ్రీ ఏటి నన్ను మోస్తాదా?" దాలయ్య మాట నేను వినడం అదే మొదటిసారి. ఒప్పుదల ఫైలును నా గేటు విననివ్వలేదు కదా.

"నువ్వు మాటాడకు" అని తవిటమ్మ ఫోన్ లాక్కుంది. తరువాత ఆవిడ ఏడుపే వినపడింది. పంపమంటుందేమో అని ఎదురుచూశాను. అనలేదు. లైను అయిపోయింది.

అప్పుడు కూడా నాకు ఆవిడ మీద కోపమే వచ్చింది. కోపం తగ్గాక ఒక సంగతి తట్టింది. నాలుగు రోజుల నుంచి నేను ఆవిడని మారమంటున్నాను. మారడానికి ఆవిడకి ఎంత కష్టంగా ఉందో విన్నాను. నాకు ఎంత కష్టమో ఒక్కసారి కూడా చూసుకోలేదు.

నాట్లకు 2 రోజులు

ఏడు లైన్లు రాశాను. అంతే పట్టింది.

నకలులో పరీక్షించాను. శ్రీ ఉన్న స్కాన్ లోపలికి వచ్చింది. శ్రీ లేని స్కాన్ వచ్చింది. శ్రీ పెట్టి పంపిన పాట రికార్డింగును గేటు బయటే ఆపింది. శ్రీ రెండుసార్లు, శ్రీ ఫైలు మధ్యలో, శ్రీ తప్ప ఇంకేమీ లేని ఫైలు, అన్నీ వేసి చూశాను. రెండోసారి మొత్తం మొదటినుంచి చూశాను. ముద్ర కూడా చెడలేదు, ఎందుకంటే ఫైలును ముట్టుకోవడం లేదు, చదివే చోటు మార్చానంతే. తిరస్కరిస్తే కారణం చెప్పమని కూడా రాశాను. ఏ ముక్కలో ఏం తప్పో, తప్పులన్నీ ఒకేసారి చెప్పేట్టు.

మధ్యాహ్నం భోజనాల వేళ అసలు గేటులో పెట్టేశాను. మార్పు చేసినవారు: భ్రమరాంబ. అనుమతి: లేదు. మార్పుల పట్టికలో అలాగే నింపాను.

నాట్లకు 1 రోజు

లైను పడింది. "మీ పద్ధతిలోనే పంపండి" అన్నాను ఢిల్లేశ్వరరావుతో.

ఫారం వచ్చింది. స్కాన్ మొదలైంది. అరవై శాతం దగ్గర లైను మందగించింది, కింద మళ్లీ దుమ్ము. కుర్చీ చేతులు పట్టుకుని కూర్చున్నాను. డెబ్బై. డెబ్బై రెండు. తెగలేదు. రిపోర్టు వచ్చింది. ఒప్పుదల వచ్చేసరికి నాలుగు నిమిషాలే మిగిలాయి. గేటు ఒక్క క్షణం ఆగి తెర మీద ఒకే మాట వేసింది: అందింది.

"అందింది" అని చదివాను.

"ఏటి? ఏటన్నావు తల్లీ?"

"అందిందమ్మా. దాలయ్య గారికి తొట్టి వచ్చింది. నాలుగో వరసలో."

"శ్రీ తోనేనా?"

"శ్రీ తోనే."

ఓలమ్మో అని ఒక్క కేక పెట్టింది. అటు ఇంకా ఎవరెవరో నవ్వుతున్నారు, మాట్లాడుతున్నారు. నేనూ నవ్వాను. ఇన్ని రోజుల్లో మొదటిసారి కడుపు నిండా తిన్నాను.

నాట్ల రోజు

నూట అరవై తొట్లలో నాట్లు పూర్తయ్యాయి. దాలయ్య కణాలు నా కళ్లముందే వేశారు.

వేదవల్లి గారు పిలిచారు. ఎదురుగా నా ఏడు లైన్లు తెరిచి ఉన్నాయి. మెమో ఇచ్చారు, తీసుకున్నాను. ప్రశంసాపత్రం వెనక్కి ఇవ్వాలేమో అన్నాను. ఆవిడ నవ్వలేదు. ఆ ఏడు లైన్లూ మళ్లీ ఒకసారి చదివి, తలెత్తి అడిగారు:

"తల పరీక్ష పెట్టి రెండేళ్లయింది కదా. తాటిపుట్టుగ నుంచి ఇలాగే తిరిగిపోయినవి ఇంకెన్ని ఉన్నాయి భ్రమరాంబా?"

నేను ఆ లెక్క తీయలేదు. ఒక్క దాలయ్య కోసం పంతొమ్మిది రోజులు గేటుతో కొట్టుకున్నదాన్ని, ఈ ప్రశ్న నాకు రాలేదు. నిలబడే గేటు లాగ్ వెతికాను. తిరస్కరించినా ఫారంలోని పేరు మాత్రం గేటు రాసిపెడుతుంది. ఒకే మనిషి ఏడెనిమిదిసార్లు పంపుకున్నవి కలిపేస్తే, దాలయ్య కాక మనుషులు నలభై ఒక్కమంది.

వేదవల్లి గారు కుర్చీలో వెనక్కి వాలి కళ్లజోడు తీసేశారు.

నాట్లయ్యాక 4 రోజులు

నలభై ఒక్కమందికీ మళ్లీ పంపమని కబురు పెట్టాను. వచ్చే నాట్లలో వాళ్లకి ముందు తొట్టి ఇవ్వాలని వేదవల్లి గారు స్వయంగా రాసి సంతకం చేశారు. నాలుగు రోజుల్లో పదిహేడు వచ్చాయి. పదిహేడూ శ్రీతోనే వచ్చాయి, పదిహేడూ అందాయి.

ఈ రోజు లైను పడగానే ఢిల్లేశ్వరరావును అడిగాను. "మిగతా ఇరవై నాలుగు ఎప్పుడు పంపుతారు?"

"మిగతావోల్లకి పంపక్కర్నేదమ్మా" అన్నాడు.

అర్థం కానట్టు ఇంకోసారి అడగబోయాను. అర్థమైంది. క్షమించమని అడగాలనుకున్నాను. చివరికి పేర్లు చెప్పమన్నాను, ఒక్కొక్కటీ, నేను రాసుకుంటానన్నాను. ఎందుకని ఆయన అడగలేదు.

"బల్లెడ ఎర్రయ్య. రెండో మలుపు దగ్గర ఇల్లు. తొమ్మిదిసార్లు పంపినాం."

అని ఆగాడు. నేను రాస్తున్నానో లేదో ఆయనకు కనపడదు. ఏదో ఒకటి అనాలి.

"అందింది" అన్నాను.

"కొర్రాయి నీలమ్మ. బళ్లో లెక్కలు సెప్పీది."

"అందింది."

"తామాడ సూరపునాయుడు. ఇతను మా అన్నేనమ్మా."

నా పెన్ను ఆగింది. ఆయన నా మాట కోసం ఎదురుచూస్తున్నాడు. ఆ శ్రీ పెట్టిన చెయ్యి ఆయనది, దాన్ని చూసి తలుపు మూసిన చెయ్యి నాది. ఇద్దరికీ తెలుసు. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

"అందింది" అన్నాను.

నలభై నిమిషాలూ పట్టింది. ఇరవై నాలుగుసార్లు అన్నాను.